అత్తమ్మ మోకాళ్ల పేరు చెప్పి

జూన్ 5, 2006. సోమవారం

ఈ డైరీ మా ఆయన ఆఫీసులో మిగిలిపోయింది. పోయిన సంవత్సరానిది. తేదీలు కొట్టేసి రాసుకుంటున్నాను. నేను చదివింది ఏడో తరగతి. ఎవరూ చూడరు కాబట్టి తప్పులు పడ్డా ఫరవాలేదు.

ఆయన పంజాగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్యాంట్రీలో పని చేస్తాడు. మూడు ఫ్లోర్లకూ కాఫీలు తిప్పాలి. కాఫీ మెషీన్ దగ్గర ఒంటికాలి మీద గిర్రున తిరుగుతుంటే టీమ్ లీడర్ రవికాంత్ సార్ చూశారట. జులై 29న యాన్యువల్ డే. ఎనిమిది మంది బ్రేక్‌డ్యాన్స్. ఏడుగురు సార్లు, ఎనిమిదో మనిషి మా ఆయన. అమీర్‌పేటలో కంప్యూటర్ క్లాసుల పై అంతస్తులో పొద్దున ఆరింటికి నేర్పుతున్నారు.

నేల మీద స్టెప్పులు మొదలుపెట్టే ముందు మోకాళ్లకు, మోచేతులకు ప్యాడ్లు, మణికట్లకు గార్డులు, నెత్తికి టోపీ కొనుక్కోమని తారక్ మాస్టర్ చెప్పాడట. కొత్తవాళ్లకు ముందుగా పోయేది మోకాళ్లేనట. ఆయన డ్యూటీ దిగేసరికి షాపులు మూసేస్తారు. నువ్వే తే సంగీతా, జర మంచివి చూడు అన్నాడు. అమ్మకు చెప్పకు, పెండ్లైనంక గీ ఎగురుడేంది అంటది అన్నాడు.

నా మీద వదిలిన మొదటి పని ఇది.

జూన్ 7

అమీర్‌పేట స్పోర్ట్స్ షాపు నిండా హాస్టల్ కుర్రాళ్లు. మెట్టెక్కాను. ఏం కావాలి మేడమ్ అని లోపలి నుంచి ఒకతను గట్టిగా అడిగాడు. అందరూ తిరిగి చూశారు. మా ఆయన డ్యాన్స్‌కు అని అంతమందిలో ఎలా చెప్పను? ఏమీ లేదని దిగిపోయాను.

సోమాజిగూడ దాకా నడిచాను. అక్కడ హాస్పిటల్ పక్కన చంకకర్రలు, నడుం బెల్టులు అమ్మే షాపు ఉంది. ఒక్క పెద్దాయనే ఉన్నారు. ఎవరో అచ్యుతరావు గారూ అని పిలిచి వెళ్లారు. ఎవరికమ్మా అని అడిగారు. మా అత్తమ్మకు అన్నాను. నోటికి అదే వచ్చింది. మెట్లెక్కితే మోకాళ్ల నొప్పి అన్నాను.

సాగే గుడ్డతో చేసిన పట్టీలు తీశారు. ప్యాంటు మీదే ఒకటి తొడుక్కుని చూపించారు. మోచేతులకూ మణికట్లకూ కూడా ఇవ్వమన్నాను. ఆవిడ చేత ఏం చేయిస్తున్నావమ్మా, బండలు మోయిస్తున్నావా ఏంటి అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. టోపీ మాత్రం అడగలేకపోయాను.

జూన్ 8

పట్టీలు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. మస్తున్నయ్ అన్నాడు. బ్రేక్‌డ్యాన్స్‌కని చెప్పినవా అని అడిగాడు. చెప్పాను అన్నాను.

జూన్ 17. శనివారం

ఇవాళ నన్నూ క్లాసుకు తీసుకెళ్లాడు. చెప్పులు విడిచే చోట కూర్చున్నాను. సార్ల ప్యాడ్లు చూశాను. బొటనవేలు మందాన స్పాంజి, దాని మీద నున్నని గట్టి డొప్ప. నేల మీద పడితే సర్రున జారుతున్నారు. ఆయనవి మేజోళ్లలా ఉన్నాయి.

మాస్టర్ నొక్కి చూశాడు. ఇందులో స్పాంజే లేదేంటి బాసూ, ఇవి ముసలాళ్లు వేసుకునేవి కదా అన్నాడు. లేదన్నా, బ్రేక్‌కని చెప్పే తెచ్చింది, దవాఖాన షాపుల పెద్దమనిషి ఏరి ఇచ్చిండట అన్నాడు ఆయన. ఎంత గర్వంగా అన్నాడో. అంత తెలిసినాయన ఇస్తే సరే అని మాస్టర్ వదిలేశాడు. ఒక్కసారి నా వైపు చూశాడు.

అప్పుడే చెప్పాల్సింది. తొమ్మిది మంది మగవాళ్లు. తల దించుకున్నాను.

జూన్ 25

ఆయన మోకాళ్లు నీలంగా కమిలాయి. అలవాటైతే పోతదట.

జులై 2. ఆదివారం. పదకొండు గంటలు

హాస్పిటల్లో రాస్తున్నాను. ఎగిరి మోకాళ్ల మీద పడి జారే స్టెప్పు. అందరూ జారారు. ఆయన పడ్డచోటే ఆగిపోయాడు. ఎడమ మోకాలి చిప్ప పగిలింది. పట్టీ చిరగనైనా లేదు.

జులై 4

అత్తమ్మ ఊరి నుంచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నా దగ్గరెందుకు దాచిన్రు అని ఏడ్చింది. చిన్నప్పటి సంది డప్పు వింటే ఆగుతడా వీడు, బోనాలల్ల పో బిడ్డా ఎగురుపో అని నేనే తోలేదాన్ని అంది. నాకు చెప్తే పాత బొంత చింపి మోకాళ్లకు మందంగ కట్టిద్దును గద అంది.

నేను వంటగదిలోకి వెళ్లిపోయాను.

జులై 10

ప్యాంట్రీ కాంట్రాక్టర్ వేరే మనిషిని పెట్టుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి రవికాంత్ సార్ బత్తాయిలు పట్టుకుని యూసుఫ్‌గూడ సందులన్నీ తిరిగి మా గది కనుక్కున్నారు. ఆ ప్యాడ్లు ఎవరిచ్చారని అడిగారు. షాపాయన మోసం చేసిండు సార్, కట్టు విప్పినంక పోయి అడుగుత అన్నాడు ఆయన. బ్రేక్‌కని చెప్పినంక గిసుంటియి ఎట్లిచ్చిండని అడుగుత అన్నాడు.

నా మీద ఒక్క మాట రానివ్వలేదు.

జులై 18

ఇవాళ కూడా అదే మాట. ఆ ముసలాయనను వదల అని. చెప్పబోయాను. నీళ్లు కావాలా అని అడిగాను.

జులై 29

ఏడుగురే ఆడారట. నేనింకా నిజం చెప్పలేదు.

ఆగస్టు 21. సోమవారం

కట్టు విప్పి వారమైంది. ఇవాళ బయలుదేరదీశాడు. ఆటోలో, వద్దు ఇంటికి పోదాం అన్నాను. భయపడకు, నేనున్న గద అన్నాడు.

షాపులో పట్టీలు కౌంటర్ మీద పడేశాడు. మనుషుల కాళ్లంటే ఆటగున్నదా నీకు, నా నౌకరి సుత పోయింది అని అరిచాడు. పెద్దాయన లేచి నిలబడ్డారు. కళ్లజోడు పెట్టుకుని పట్టీలు చూశారు, నన్ను చూశారు. గుర్తుపట్టారు. అమ్మా, మీ అత్తగారికి నొప్పి తగ్గిందా అని అడిగారు.

అరుపు ఆగిపోయింది. ఆయన నా వైపు తిరిగాడు.

అప్పుడు చెప్పాను. డ్యాన్స్‌కని చెప్పడానికి సిగ్గేసి అత్తమ్మకని చెప్పానన్నాను. ఆ తర్వాత మీకూ అబద్ధం చెప్పానన్నాను. షాపులో ఇంకో ముగ్గురున్నారు. విన్నారు.

పెద్దాయన స్టూలు జరిపారు. మా ఆయన కూర్చోలేదు. చేతులు జోడించి, మాఫ్ చేయండి సార్ అని బయటికి నడిచాడు. నా కోసం ఆటో ఆపి ఉంచాడు.

సెప్టెంబర్ 3

మోకాలు ఇంతకన్నా వంగదన్నారు డాక్టరు. నేల మీద కూర్చోలేడు, కుర్చీ వద్దంటాడు. గోడకు ఆనుకుని నిలబడి తింటున్నాడు. నేనూ నిలబడే తింటున్నాను.

ఇవాళ, కూసోని తిను అన్నాడు. ఇన్ని రోజులకు అదే మొదటి మాట.

కూర్చున్నాను. తల ఎత్తలేదు, ఆయన పాదాలు మాత్రమే కనిపించాయి.