నాయన చేతి కడియం

హిందూపురం,
ఆదివారం.

చిరంజీవి వేణుగోపాల్‌ను అక్క మనసారా దీవించి రాయునది.

ఇక్కడ అమ్మ, మీ బావ, నేను, మన దుకాణం అంతా బాగున్నాం. అక్కడ నువ్వూ అర్చనా బాగున్నారని, అర్చనకు వాంతులు తగ్గాయని అనుకుంటున్నాను. ఉత్తరం ఇంటికి కాకుండా ఆఫీసుకు పంపానేమని కంగారు పడకు. నువ్వొక్కడివే ఉన్నప్పుడు చదవాలి. ఫోన్ చేస్తే స్పీకర్లో పెడతావు, పుణె సగం వింటుంది.

ఈ వంశవృక్షం పిచ్చి పట్టినప్పటి నుంచి నీకు ఉత్తరాల పిచ్చి కూడా పట్టింది. పోయినసారి మూడు అడిగావు. సీమంతానికి ఫ్రేము కట్టిస్తాను, ఏడు తరాల పేర్లు రాసి పంపమన్నావు. పెనుకొండ, ధర్మవరం వాళ్లను వెతికి పిలవమన్నావు. పుట్టబోయే బిడ్డకు నాయన చేతి వెండి కడియం పంపమన్నావు. కడియం సంగతి చివర రాస్తాను.

తాతలు ముగ్గురు అన్నదమ్ములని, ఒకరు పెనుకొండలోనే ఉండిపోయారని, ఒకరు మగ్గం పెట్టుకోవడానికి ధర్మవరం పోయారని, మన తాత ఇక్కడ దుకాణం పెట్టాడని అవ్వ చెప్పేది కదా. ఆ మాట పట్టుకుని పెనుకొండలో ఇల్లిల్లూ అడిగాను. ఆదినారాయణ చిన్నాయన దొరికాడు. నాయనకు పినతండ్రి కొడుకు, డెబ్బై దగ్గర పడ్డాడు. నన్ను చూస్తూనే, "యాడిదానివమ్మా నువ్వు? అచ్చం మా అత్త ముక్కే ఉండాది నీకు!" అన్నాడు. ఉగ్గాని, బజ్జీలు పెట్టారు. వాళ్లూ ఏడిచారు, నేనూ ఏడిచాను. అంతవరకూ నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

పేర్లు చెప్పమన్నాను. చెబుతూ చెబుతూ కొన్ని పేర్ల దగ్గర ఆగి దండం పెట్టుకున్నాడు. ఎందుకని అడిగాను.

"వీళ్లకు స్వామి వచ్చినాడమ్మా. మా నాయనకొచ్చినాడు, మా అన్నకొచ్చినాడు. నాకే రాలేదు. ఏం పాపం చేసినానో."

లోపలి నుంచి ఎర్రగుడ్డలో చుట్టిన వెండి కడియం తెచ్చి చూపించాడు. మన ఇంట్లోదానికీ దానికీ తేడా లేదు.

నాయన సంగతి నీకు ఎంత గుర్తుందో. నీకప్పుడు పదేళ్లు. ఆయనకు నలభై మూడో ఏట చేయి అదరడం మొదలైతే అవ్వ కొబ్బరికాయ కొట్టి, కడియం తొడిగి, పీట మీద కూర్చోబెట్టింది. నరసింహస్వామి పూనాడని వీధి వీధంతా వచ్చి మొక్కింది. స్వామి వచ్చిన మనిషిని మన ఇళ్లలో ఆస్పత్రి గడప తొక్కనివ్వరు. "స్వామిని సూదులతో పొడిపిస్తారంట్రా?" అనేది అవ్వ. ఎనిమిదేళ్లు ఊగి ఊగి, చివరికి ముద్ద దిగక కన్నుమూశాడు. మనకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు. మా నాయన దేవుడని బడిలో కొట్లాడి వచ్చేవాడివి నువ్వు.

ఆ మరుసటి వారం ధర్మవరం పోయాను. అనిల్ కుమార్ అని, మనకు అన్న వరస. నలభై నాలుగేళ్లు. మగ్గం మీద దుప్పటి కప్పేసి ఉంది. దాని పక్కన పీట మీద ఆయన. చేతులు, భుజాలు, మెడ, ఒక్క క్షణం కుదురుగా లేవు. చేతికి కడియం. మడమలు రాసుకుని రాసుకుని నేల మీద రెండు చాళ్లు పడ్డాయి. మన ఇంట్లో నాయన పీట ముందు కూడా అవే రెండు చాళ్లు ఉన్నాయి, అమ్మ పండగపూట వాటికి పసుపు పూస్తుంది.

వచ్చేస్తుంటే ఆయన కూతురు కీర్తన సందు చివరిదాకా వచ్చింది. నర్సింగు చదువుతోంది.

"అత్తా, అది స్వామి కాదు. నరాల జబ్బు. మా అవ్వకు తెలీకుండా నాయన్ను బెంగుళూరుకు తీస్కపోయి రక్తం పరీక్ష చేయించినా. ఒకరికుంటే వాళ్ల బిడ్డల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం వచ్చేదుండాది."

"మందు లేదామ్మా?"

"అదురు తగ్గేదానికి మాత్రలుండాయి. నయమయ్యేదానికి లేదు."

"మరి నువ్వు చేయించుకుంటివా?"

"ఇంగా లేదత్తా. భయమైతాది."

బస్సులో పేర్ల కాగితం తీసి, స్వామి వచ్చినవాళ్లకు చుక్కలు పెట్టాను. పదకొండు మంది. వాళ్లలో యాభై ఐదు దాటి బతికినవాళ్లు లేరు. నీ పేరు కింద, పుట్టబోయే బిడ్డ కోసం నువ్వు గీసి పంపిన ఖాళీ గీత ఉంది. దాన్ని చూస్తూ హిందూపురం దాకా వచ్చాను.

వేణూ, పరీక్ష చేయించుకోరా. ముందు అర్చనకు చెప్పు, దాచకు. ఆ పైన ఏం చేయాలో మీ ఇద్దరి ఇష్టం, నేను అడ్డురాను. ఆ ఫ్రేము మాత్రం కట్టించొద్దు.

నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయని పోయిన ఉత్తరంలో వెక్కిరించావు. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాను నేను కూడా. ధర్మవరం నుంచి వచ్చిన పదో రోజు దుకాణంలో చక్కెర తూస్తుంటే పొట్లం జారింది. మర్నాడూ జారింది. అమ్మ నా చేతి వంక చాలాసేపు చూసి, లోపలికి పోయి కొబ్బరికాయ తెచ్చింది.

"ఇన్ని తరాలకు ఆడబిడ్డ మీదికి వచ్చినాడే నా స్వామి!" అంటూ నా కాళ్లకు మొక్కింది. కన్నతల్లి మొక్కుతుంటే వద్దని నోరు రాలేదు.

అప్పటి నుంచి శనివారం శనివారం వీధివాళ్లు వస్తున్నారు. నాయన పోయాక అమ్మ మొహంలో ఇంత వెలుగు చూడలేదు. నిజం ఆమెకూ చెప్పలేదు, మీ బావకూ చెప్పలేదు. వచ్చే వారం చీరల సాకు చెప్పి కీర్తనతో బెంగుళూరు పోతున్నాను. పిల్లలు లేరని పదిహేనేళ్లు ఏ స్వామి మీద పడి ఏడిచానో, ఇప్పుడు ఆ స్వామికే దండం పెడుతున్నాను, ఇవ్వలేదని. భయంగా ఉందిరా.

కడియం పంపలేను. అది నా చేతికే ఉంది. సబ్బు రాసినా ఊడి రావడం లేదు. ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ బల్లకు కొట్టుకుంటూనే ఉంది.

ఇట్లు,
నిన్ను ఎత్తుకు తిరిగిన నీ అక్క,
ఈశ్వరి