నారాయణ పక్షుల లెక్క

విజయవాడ,
12 జూన్ 2025

ప్రియమైన బసవయ్యకు,

నువ్వూ ఇంటిల్లిపాదీ కుశలమని తలుస్తాను. ఈ ఉత్తరం పరిశోధనకు సంబంధించినది కనుక కాస్త పొడవుగా ఉంటుంది.

పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల సాహిత్యంలో పర్యావరణం అనే అంశం మీద నేను పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. మన హైస్కూలు బ్యాచ్‌లో మిగతావారు మరిచినా నీకు గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండులో చిత్తడి నేలలను ఎండగట్టినప్పుడు అక్కడి రచయితలు ఎంతగా శోకించారో ఆరు అధ్యాయాలు రాశాను. ఏడో అధ్యాయానికి ఒక అపురూపమైన ఆధారం దొరికింది. 1858లో మన కాలువల పని మీద వచ్చిన ఒక ఇంజనీరు దొర భార్య, ఇంటికి రాసుకున్న ఉత్తరాల కట్ట అది. కంకిపాడుకు తూర్పున తుంగల మడుగు ఒడ్డున ఒక ఉదయం కూర్చుని నారాయణ పక్షులను లెక్కపెట్టాననీ, మూడు వందల దగ్గర లెక్క మానేశాననీ ఆవిడ రాసింది. కట్ట నా బీరువాలో ఉంది. తాళం నా దగ్గరే ఉంది.

నీ చేను ఆ మడుగు పక్కనేనని జ్ఞాపకం. కాబట్టి మడుగు ప్రస్తుత స్థితిని లిఖితపూర్వకంగా తెలియజేయగలవు. ఫోనులో వద్దు. ఫోనులో విన్నదాన్ని పాదసూచికలో వేయలేము. నేనే రావచ్చు గాని, బెంజ్ సర్కిల్ దాటడానికే ఒక పూట పడుతోంది.

నీ బాల్యమిత్రుడు,
సాంబమూర్తి
ఆంగ్ల శాఖాధ్యక్షుడు


కంకిపాడు,
29 జూన్ 2025

ప్రియమైన సాంబమూర్తికి,

నీ ఉత్తరం చేరింది. పోస్టుమాన్ అబ్రహాము, "నోటీసు కాని కవరు ఈ వీధికొచ్చి మూడేళ్లయిందండీ, ఏం రాశారో చెప్పండి" అని, నేను చదవడం పూర్తయ్యేదాకా అరుగు దిగలేదు.

నీటి సంఘం మాజీ అధ్యక్షుడి హోదాలో స్థలాన్ని తనిఖీ చేసి నివేదిస్తున్నాను. మడుగు పొడవు: లేదు. వెడల్పు: లేదు. లోతు: లేదు. మూడేళ్ల కిందట నిలువెత్తు బుసక మట్టి తోలి మెరక చేసి, రాళ్లు పాతి, నూట పన్నెండు ప్లాట్లు వేశారు. ఇల్లు ఒక్కటీ లేవలేదు. ఆర్చి మాత్రం లేచింది. దాని మీద ఇంగ్లీషులో 'హెరాన్ హెవెన్', అంటే నారాయణ పక్షుల స్వర్గం, అని ఉంది. ఊళ్లో దాన్ని 'హీరో హెవెన్' అంటారు. ఏ హీరో అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. పేరు కింద ఒక వాక్యం ఉంది. మా మనవరాలు సింధూరి చదివి తెలుగులో చెప్పింది: 'సంధ్యవేళ నారాయణ పక్షులు తిరిగివచ్చే ఈ ప్రాచీన సరస్సు ఒడ్డున, మీ ఆత్మ కూడా తన గూటికి చేరుతుంది.' ఆ కింద ప్లాట్ల కొలతలు ఉన్నాయి.

పక్షులు తిరిగి రావడం లేదు. నీళ్లు మాత్రం వస్తున్నాయి. మడుగులోకి పోవలసిన వాన నీరంతా ఇప్పుడు నా ఎకరన్నరలోకి వచ్చి నిలుస్తోంది. మూడేళ్లుగా నాటిన నాటు నాటినట్టే కుళ్లిపోయింది. అర్జీ పెట్టుకున్నాను. అక్కడ ఏనాడూ మడుగు లేదని లేఅవుట్ వాళ్లు జవాబిచ్చారు. వాళ్ల కాగితాల్లో అది మొదటి నుంచీ మెరక భూమే. "మడుగు ఉండేదనడానికి మీ దగ్గర కాగితం ఉందా?" అని విచారణాధికారి అడిగారు. నేను ఈత నేర్చుకున్నది అందులోనేనండీ అన్నాను. ఈత కాగితం కాదన్నారు.

అందుచేత ఆ దొరసాని ఉత్తరం సెప్టెంబరు 10 నాటి విచారణకు కావాలి. ఈ ఏడు కూడా పంట పోతే చేను అమ్ముకోవడమే. కొనేవాళ్లు కూడా వాళ్లే.

ఇంకో సంగతి ఉంది. నువ్వు ఈ ఉత్తరం ఏ ఉద్దేశంతో రాశావో నాకు ఇంకా బోధపడలేదు. బోధపడ్డాక రాస్తాను.

నీ,
బసవయ్య


విజయవాడ,
8 జూలై 2025

ప్రియమైన బసవయ్యకు,

నీ నివేదిక చదివి నిర్ఘాంతపోయాను. రెండు రోజులు క్లాసులు తీసుకోలేదు. విద్యార్థులు ఈ విషాదాన్ని ధైర్యంగా భరించారు.

మడుగును పూడ్చినవాడి మీద నాకు కోపం లేదు. అతను బుసక తోలాడు. అది అతని వృత్తి. ఆ వాక్యం రాసినవాడు ఉన్నాడే, అతను సాహిత్యాన్ని తోలాడు. శైలిని బట్టి చూస్తే పాత ఆంగ్ల కవిత్వం కొంత చదివి, ఏమాత్రం జీర్ణం చేసుకోని వ్యక్తి. 'మీ ఆత్మ కూడా తన గూటికి చేరుతుంది' అట. ఇటువంటి చేతులే, బసవయ్యా, పొక్లెయిన్లకు దారి చూపేవి.

ఆ వ్యక్తి ఎవరో కనుక్కో. ప్లాట్లు పుచ్చుకున్నవారి పేర్లు కూడా కావాలి. డిసెంబరు సదస్సులో అన్నీ చదివి వినిపిస్తాను. ఎవరినీ మినహాయించే ప్రసక్తి లేదు. విచారణకు ఉత్తరం అసలు ప్రతితో నేనే స్వయంగా వస్తాను.

ఈ నిర్ణయం విని మా శివపార్వతి, "మనకెందుకండీ ఈ గొడవ" అంది. పర్యావరణం అందరిదీ అన్నాను. వెంటనే వెళ్లి, ఇంటి కాగితాలున్న ట్రంకు పెట్టె తెరిచి ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఆడవారికి ఇటువంటి ప్రశ్నలు పట్టవు.

ఆగ్రహంతో,
నీ సాంబమూర్తి


కంకిపాడు,
21 జూలై 2025

ప్రియమైన సాంబమూర్తికి,

నువ్వు కోరిన వివరాలు సేకరించాను. లేఅవుట్ వేసినది నీ పాత విద్యార్థి సాయిగణేష్. ఆఫీసుకు వెళ్లి అడిగాను. పిల్లవాడు మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు.

"ఆ ఆర్చి మీద మాటలు ఎవరు రాశారు బాబూ?"

"మా సాంబమూర్తి సారండీ. పేరు కూడా సారే పెట్టారు. బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో కూర్చుని, టీ చల్లారే లోపల రాసిచ్చేశారు."

"చోటు చూశారా?"

"రమ్మన్నానండీ. అక్కర్లేదు, ఇలాంటి చోట్లు నాకు కంఠతా వచ్చు అన్నారు."

తొమ్మిదేళ్ల నాడే నా చేతికి వచ్చిన బ్రోచరు జతపరుస్తున్నాను. వెనక పేజీలో నీ పేరూ ఫోటో ఉన్నాయి. జుట్టు అప్పుడు బాగుండేది.

ప్లాట్లు పుచ్చుకున్నవారి పట్టికలో నలభై ఏడో నంబరు చూడు. శ్రీమతి శివపార్వతి, భర్త సాంబమూర్తి. గురుదక్షిణ అని సాయిగణేష్ చెప్పాడు. మీ ఆవిడ ట్రంకు పెట్టెలో వెతికిన కాగితం అదే అయి ఉంటుంది. ఆ నలభై ఏడు సరిగ్గా మడుగు నీళ్లు బయటికి పోయే బోదె మీద పడింది. బోదె మూసుకుపోయింది కాబట్టే నా చేను మునుగుతోంది.

నీ మొదటి ఉత్తరం చూసి, ఇదంతా నా నోట చెప్పించుకుని బాధపడదామని రాశావేమో అనుకున్నాను. నిజంగానే మరిచిపోయావని రెండో ఉత్తరంతో బోధపడింది.

కాగితం నీ బీరువాలో ఉంది. తాళం నీ దగ్గర ఉంది. నేను మళ్లీ అడగను.

నీ,
బసవయ్య


కంకిపాడు,
2 సెప్టెంబరు 2025

ప్రియమైన సాంబమూర్తికి,

ఆరు వారాలైంది. అబ్రహాము మా వాకిట్లో సైకిలు ఆపడం మానేసి, తల అడ్డంగా ఊపుతూ పోతున్నాడు.

అడగనన్నాను కనుక అడగడం లేదు. విచారణ పదో తేదీ ఉదయం పదకొండు గంటలకు అని మాత్రం తెలియజేస్తున్నాను. నిన్నటి వానకు చేలో మోకాటి లోతు నిలిచింది. మేము కుశలం.

నీ,
బసవయ్య


విజయవాడ,
17 అక్టోబరు 2025

ప్రియమైన బసవయ్యకు,

విచారణ నాడు నిన్ను వసారాలో కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచారు. బయటికి వచ్చాక నీ ముఖం చూసే ధైర్యం లేక వెనక గేటు నుంచి వెళ్లి బస్సెక్కాను. ఉత్తర్వు నీకు చేరింది గాని, లోపల జరిగినది చేరలేదు. అది తెలియజేయడం నా విధి.

ముందుగా ఆరు వారాల మౌనం గురించి. బీరువా తాళం కనిపించలేదని సంజాయిషీ రాసి నాలుగుసార్లు చించేశాను. తాళం జేబులోనే ఉంది.

తొమ్మిదో తేదీ రాత్రి కట్ట తీశాను. దొరసాని ఉత్తరం మొదటిసారి వెనక్కి తిప్పాను. వెనక వైపు ఆవిడ భర్త, పెన్సిలుతో మడుగు పటం గీశాడు. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో బాణం గుర్తులు వేశాడు. నీ బోదె ఉంది. ఆ కట్ట నా దగ్గర రెండేళ్లుగా ఉంది. వెనక సాహిత్యం లేదు కనుక తిప్పలేదు.

విచారణలో లేఅవుట్ వారి వకీలు నా బ్రోచరు పైకెత్తాడు. "సార్, ఈ ప్రాచీన సరస్సు మీరు చూశారా?"

చూశానంటే నీకు ఉపకారమే. అబద్ధం కూడా. చూడలేదన్నాను.

"అంటే ఇది కేవలం కవిత్వం కదండీ?"

"కవిత్వం కూడా కాదండీ. చోటు చూడలేదు, అక్కడ ఏముందని అడగలేదు. ప్లాటు పుచ్చుకున్నాను."

"మరి ఈ దొరసాని కూడా మీలాగే ఇంట్లో కూర్చుని రాయలేదని ఏమిటి నమ్మకం?"

పద్దెనిమిదేళ్ల చదువు ఆ ఒక్క ప్రశ్నకు పనికివచ్చింది. "ఆవిడ మూడు వందల దగ్గర లెక్క మానేశానని రాసింది. చూడనివాళ్లు మానరండీ. వేలాది పక్షులంటారు. మీ చేతిలోని బ్రోచరు రెండో పేజీ చూడండి, అక్కడ నేను అలాగే అన్నాను."

వకీలు రెండో పేజీ చూశాడు. విచారణాధికారి ఉత్తరం తీసుకుని, చదవకుండా, నేరుగా వెనక్కి తిప్పారు.

ఉత్తర్వు ప్రకారం నలభై ఐదు నుంచి నలభై ఎనిమిది వరకు తవ్వి బోదె తెరిచారు. మిగిలిన నూట ఎనిమిది అలాగే ఉన్నాయి. శివపార్వతికి చెప్పాను. "అన్ని పుస్తకాలు చదివే బదులు ఒక్కసారి ఆటో ఎక్కి చూసుంటే సరిపోయేది కదండీ" అంది. ఏడో అధ్యాయానికి ఇంతకన్నా మంచి ముగింపు నాకు తట్టలేదు. సదస్సులో పట్టిక చదువుతాను. నలభై ఏడుతో మొదలుపెడతాను.

నిన్న తెల్లవారుజామున నీకు చెప్పకుండా వచ్చాను. నీ చేలో నీళ్లు తీశాయి. మా ప్లాటులో నిలిచాయి. నంబరు రాయి సగం మునిగి ఉంది. దాని పక్కన ఒక నారాయణ పక్షి ఒంటికాలి మీద నిలబడి ఉంది. గట్టు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా చూశాను.

దొరసాని మూడు వందల దగ్గర లెక్క మానేసింది. నేను ఒకటి దగ్గర మానవలసి వచ్చింది.

ఇట్లు,
స్వయంగా చూసి రాసిన
సాంబమూర్తి