పురుగులకు పోసే నీళ్లు

నాయనా,

ఇవాళ నీ సంవత్సరీకం. సెలవివ్వలేదు, హైదరాబాదులో ల్యాబులోనే ఉన్నాను.

గొర్రెలకు నట్టల మందు తాపుతూ ఒకసారి నన్ను చూసి నవ్వావు. "మేం కడుపులో పురుగుల్ని చంపలేక చస్తాంటే, నువ్వు వాటికి ఆయుష్షు పోసే చదువు చదువుతాండావా? ఏంది తల్లీ ఇది!"

పోశాం నాయనా. కంటికి ఆననంత చిన్న పురుగులో ఒక జన్యువును మారిస్తే కొంచెం ఎక్కువ బతికింది. ఇంకోదాన్ని మార్చినా అంతే. రెండూ కలిపి మారిస్తే మాత్రం, ఆ రెండు లాభాలూ కూడినా రానంత కాలం బతుకుతోంది. ఇవాళ ల్యాబులో ఆ సంగతి చెబితే అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడే మన ఊరు పెద్దారవీడు నుంచి అత్త ఫోన్ చేసింది.

"మా నాయనా ఇట్లనే కిడ్నీలు చెడి పోయినాడమ్మా, మీ నాయనా అట్లనే పోయినాడు. మన రక్తమే అంత."

నేను ఊఁ కొట్టి పెట్టేశాను.

తర్వాత పురుగుల పళ్లేలు తయారుచేశాను. వాటికి కుళాయి నీళ్లు కూడా పనికిరావు. మిషన్‌లో శుద్ధిచేసినవే పోయాలి. మన ఊరి ఫ్లోరైడ్ బోరు నీళ్లయితే ల్యాబు గుమ్మం కూడా తొక్కనివ్వరు.

తాతా నువ్వూ బతుకంతా తాగింది ఆ నీళ్లే. తప్పు మాత్రం రక్తానిదట.