పసుపునీళ్ళలో కడిగిన గడ్డ

బళేపేట, బెంగళూరు
1947 అక్టోబరు 6

మహారాజశ్రీ బావగారు గోపాలప్ప గారికి, బళేపేట గాజుల అంగడి వెంకటగిరియప్ప నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం కుశలం, తమరి కుశలం తెలుపవలెను అని రాయడం మర్యాద. మర్యాద కొద్దీ రాశాను. నిజానికి తమరి కుశలం మీద నాకు అంత ఆత్రం లేదు. ఆసుపత్రిలో మా చెల్లెలు పార్వతి రొమ్ములో గడ్డ కోసి తీసిన నాడు మీరు వరండాలోంచి అటే పోయి మీ ఊరు కాడుగోడికి రైలెక్కారు. కట్టుకున్న భార్యకు ఆ తరువాత ఏమైందో ఒక్క ముక్క అడగలేదు. అడగకపోయినా చెబుతాను. వినడానికే మీకు రోతగా ఉంటే, చేసినవాడికి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించుకోండి.

నా సంగతి మీకు తెలుసు. ఇంకొకరి లోటాతో నీళ్ళు తాగను. హోటలు గడప తొక్కను. ఆడవాళ్ళకు గాజులు తొడిగిన ప్రతిసారీ చేతులు కడుక్కుంటానని బజారంతా నన్ను చూసి నవ్వుతుంది. అలాంటి నా ముక్కు కిందికి డాక్టరు ఎనామిల్ పళ్ళెం తెచ్చి పెట్టాడు. ఒంట్లోంచి తీసినది బంధువులకు చూపించడం వాళ్ళ పద్ధతట. కోడిగుడ్డంత గడ్డ, దాని చుట్టూ పచ్చటి కొవ్వు, నెత్తురు. మీరూ చూశారు. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకొని ఉమ్మడానికి బయటికి పోయారు. ఉమ్మి వస్తారు గదా అని నేను చాలాసేపు గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయాను.

అందుచేత డాక్టరు చెప్పిన మాట నేనొక్కడినే విన్నాను. గడ్డ చెడ్డదో కాదో పైకి చూస్తే తెలియదట. ల్యాబులో పలచగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూడాలట. చెడ్డదైతే రొమ్ము మొత్తం తీసెయ్యాలి, తీసినా బతుకుతుందని పూచీ లేదు. దాన్ని ల్యాబుకు చేర్చవలసింది మాత్రం మనమే. గడ్డను గాజు సీసాలో వేసి, కుళ్ళకుండా కళ్ళు మండే ఫార్మలిన్ మందునీళ్ళు పోసి, పార్వతి పేరు అంటించి నా చేతిలో పెట్టారు. ఆమె మొగుడు ఎక్కడయ్యా అని నర్సు అడిగింది.

సీసాను గుడ్డలో చుట్టి, ఒంటికి తగలకుండా చెయ్యి చాచి పట్టుకొని నడిచాను. మహారాజు ప్రజలకు బాధ్యతా ప్రభుత్వం ఇవ్వాలని ఆ రోజు ఊరంతా హర్తాళు. జట్కాలు లేవు. ల్యాబుకు పోతే దానికీ తాళమే. ఇంటికి తీసుకురాక ఏం చేసేది? దేవుడుండే ఇంట్లోకి దాన్ని తెస్తావేమిరా అని అమ్మ గడప దగ్గరే ఆపేసింది. పెరట్లో కట్టెల కొట్టంలో పెట్టి, స్నానం చేసి అన్నానికి కూర్చున్నాను. ముద్ద నోటి దాకా వస్తే చాలు, ఆ ఫార్మలిన్ వాసన. మింగలేను, కక్కలేను.

తెల్లవారి చూస్తే సీసా ఖాళీ. అమ్మ బావి పక్కన గుంత తవ్వుతోంది. మందునీళ్ళు కాలువలో పారబోసి, గడ్డను పసుపునీళ్ళతో కడిగి, కుంకుమ పెట్టి, అరిటాకులో చుట్టి పక్కన ఉంచుకుంది. ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ మాయనూ ఆమే అలా పూడ్చింది, ఇదీ అలాంటిదే అనుకుంది. నేను కేకలు వేస్తే, మన బిడ్డ ఒంట్లోది కదరా, దిక్కులేనిదాని మాదిరి సీసాలో ఊరేసేదేమిరా, మట్టిలో పెడితే దాని పీడ దాంతోనే పోతాదప్పా అని ఏడ్చింది.

ఆకు అందుకోబోతే అది జారి మట్టిలో పడింది. పట్టుకారు లేదు, గుడ్డ లేదు, వెతికే తీరికా లేదు. మందునీళ్ళు లేకుండా ఆలస్యమైతే లోపల కుళ్ళుతుంది, ఇక పరీక్షకు పనికిరాదు అని డాక్టరు ముందే చెప్పాడు. రెండు చేతులతో ఎత్తాను, బావగారూ. పైన తోలులా బిరుసు, నొక్కితే లోపల మెత్తన. పసుపు కలిసిన కొవ్వు గోళ్ళ సందుల్లోకి పోయింది. అక్కడే వాంతి చేసుకున్నాను. దాన్ని మాత్రం వదలలేదు. మళ్ళీ ఆ సీసాలోనే వేసుకొని, హర్తాళు ముగిసి తెరిచిన ల్యాబుకు పరుగెత్తాను.

ల్యాబు డాక్టరు సీసా ఎత్తి చూసి, పసుపు పట్టించి తెచ్చినారే, తాలింపు కూడా పెట్టాల్సింది అని కసిరాడు. ఆయన కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. చివరికి ఆయనే మెత్తబడి, మందు పట్టి పైన గట్టిపడింది కాబట్టి సరిపోయింది, పసుపు లోపలికి దిగి ఉండదు, మధ్యలోంచి కోసి చూస్తాను పో అన్నాడు.

ఫలితం నిన్న వచ్చింది. చెడ్డ గడ్డ కాదు. ఇక కోసేదేమీ లేదు. ఆ మాట విని డాక్టరు ముందే భోరున ఏడ్చాను. చేతులకు సీకాయ, చింతపండు, బూడిద అన్నీ పెట్టి తోముతున్నాను. అయినా వాసన పోలేదు.

ఇంతలో మీ కబురు వచ్చింది. పార్వతిని అక్కడే పెట్టుకోండి, అది చూసినంక ఆమె పక్కన కూర్చోని అన్నం తినేకి నాతో అయ్యేలేదు అని మీ ఊరి మారప్ప చేత చెప్పి పంపారు. పళ్ళెంలో చూసినందుకే మీకు ఇంత రోతా? గోళ్ళతో పట్టి ఎత్తినవాణ్ణి చెబుతున్నాను, ఆ గడ్డ కన్నా మీ మాటే నాకు ఎక్కువ కంపు కొట్టింది.

అయినా ఆడబిడ్డ కాపురం. కోపం దిగమింగి ఒక అబద్ధం ఆడాను. సీసా మోసింది మీరేనని, మట్టిలోంచి ఎత్తిందీ మీరేనని, ఆ తిరుగుడుకు జ్వరం తగిలి ఊరికి పోయారని పార్వతికి చెప్పాను. విని కొంచెం నవ్వింది. కోత అయిన తరువాత నవ్వడం అదే మొదలు. అందుకైనా ఒకసారి రండి. వచ్చి, అవును నేనే మోశాను అని ఒక్క మాట అనండి. పుణ్యం కూడా మీరే ఉంచుకోండి.

ఇట్లు,
తమ బావమరిది,
వెంకటగిరియప్ప

తా.క. ఇది రాస్తున్నది పార్వతి. అన్న ఉత్తరం గల్లాపెట్టె మీద పెట్టి తపాలా బిళ్ళకు పోయాడు. మడత విప్పి చదివాను. నాకు ఆ రోజు గడ్డ ఉన్న చోట మాత్రమే మత్తు సూది వేశారు. తెలివిగానే ఉన్నాను. తలుపు అవతల మీరు పళ్ళెం చూసి, ఛీ, ఇన్నాళ్ళూ దీని పక్కనా నేను పండుకున్నది అన్నారు. అది అన్నకూ వినబడే ఉంటుంది. ఉత్తరంలో రాయడానికి ఆయనకు మనసు రాలేదు. మీరు మోశారని నాకు చెప్పేటప్పుడు తోమి తోమి తోలు ఊడిన చేతులు వెనక్కి దాచుకున్నాడు. నేను నవ్వింది అది చూసి. మీరు రాకపోతే అన్న మిమ్మల్ని తిట్టుకుంటాడు, తిట్టుకోనివ్వండి. మీరు మాత్రం రాకండి. మీ ముఖం చూడాలంటే నాకు రోత.