మలుపులో ఆరే ఎర్రదీపం

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

సైకిలు తొక్కేవారికీ, తొక్కనివారికీ, తొక్కేవారిని డాబా మీంచి కనిపెట్టి చూసేవారికీ ఇందుమూలంగా ప్రకటించడమేమనగా: గత మంగళవారం తెల్లవారుజామున మా ఇంట్లో సైకిలు దీపం విషయమై రెండు పక్షాలు ఏర్పడినవి. డైనమో పక్షానికి మీ మరదలు నాయకురాలు. బ్యాటరీ పక్షానికి నేను నాయకుణ్ణి. కార్యకర్తనూ నేనే, ఓటరునూ నేనే. చర్చలు విఫలమైనవి. కాఫీ చల్లారినది.

నీకు తెలియనిదేముంది. ఇరవై ఆరేళ్ళుగా కొండమీది నీళ్ళట్యాంకు వాల్వు నాది. అయిదింటికల్లా నేను చక్రం తిప్పితేనే ఊళ్ళో కుళాయిలు దగ్గడం మొదలుపెడతాయి. నాలుగుంపావుకి చీకట్లో బయల్దేరాలి కాబట్టి దీపం తప్పదు. పదేళ్ళ కిందట నువ్వు బిగించిన డైనమోతోనే లాగించాను. ఈమధ్య అది టైరును పట్టుకుని, పాత స్నేహితుడు చొక్కా పట్టుకున్నట్టు వెనక్కి లాగుతోంది. పైగా కీచుమంటూ వీధికుక్కలన్నిటికీ నా రాక ముందే చాటుతోంది. కొండ కూడా ఈమధ్య కాస్త ఎత్తు పెరిగింది. నేను నిద్రపోయాక ఎవరో మట్టి పోస్తున్నారని నా అనుమానం.

ఇప్పటికి రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే వాల్వు ఇంకొకరికిచ్చి నన్ను రికార్డుల గదిలో పడేస్తానని సూపర్‌వైజరు చెప్పేశాడు. ఆ గదిలో నాకంటే ముందు కూర్చున్నాయన కాగితాలతోపాటు తనూ పసుపు రంగుకి తిరిగాడు. నాకా రంగు నప్పదు. కాబట్టి ముందుకొకటి, వెనక్కొకటి, మంచి బ్యాటరీ దీపాలు నీ షాపులోంచి పంపు.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క తమ్ముడు

తా.క.: పార్సిలు ఇంటికి కాదు, ట్యాంకు దగ్గరికి పంపు. పైన "పైపు సామాను" అని రాయి.

*

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ ప్రకటన అందింది. షాపు మూసేవేళ చదివాను. పొద్దుటినుంచి పదకొండు పంక్చర్లు వేసి ఉన్నాను. నవ్వే ఓపిక లేక, రేపు నవ్వుదామని పక్కన పెట్టాను. మర్నాడు కూడా నవ్వు రాలేదు.

బ్యాటరీ దీపాల సంగతి నాకు చెప్పకు. వెలిగినంతసేపూ దొర. ఒకరోజు సగం దారిలో చెప్పాపెట్టకుండా పోతాడు. డైనమో అలా కాదు. తొక్కితే వెలుగుతుంది, మానితే ఆరుతుంది. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో ఇంత నిజాయితీగల వస్తువు నేను ఇంకోటి అమ్మలేదు. కాస్త లాగుతుంది, నిజమే. ఆ లాగుడు నీకు పదేళ్ళుగా లేనిది ఇప్పుడెక్కడినుంచి వచ్చింది?

నా దగ్గరికొచ్చి "నిలబడ్డా వెలిగే దీపం కావాలి" అని అడిగేవాళ్ళు రెండే రకాలు. ఒకడు సిగ్నళ్ళ దగ్గర ఆగేవాడు. మీ కొండదారిలో సిగ్నళ్ళు లేవు. రెండోవాడు ఎక్కడో నిలబడేవాడు. నువ్వు ఎక్కడ నిలబడుతున్నావురా?

ఇట్లు,
మీ అక్క

తా.క.: మీ ఆవిడ నాకు రాసింది. "వదినా, డాబా మీద నిలబడితే ఆయన వెనక దీపం ఎర్రగా కల్వర్టు మలుపు దాకా కనిపిస్తుంది. అక్కడ ఆరిపోతుంది. పావుగంటకి మళ్ళీ వెలుగుతుంది. రోజూ ఇదే వరస" అని. అంతదూరంనుంచి చుక్క కదులుతోందో నిలబడిందో తెలియదు, ఉందో లేదో మాత్రమే తెలుస్తుంది. నీ బ్యాటరీ పక్షం ఎందుకు పుట్టిందో నాకు అర్థమైంది.

*

అక్కకు నమస్కారాలు.

నువ్వు పంక్చర్లు వేయడానికి పుట్టలేదు. దొంగల్ని పట్టే ఉద్యోగంలో చేరి ఉంటే ఈపాటికి జైళ్ళు చాలక స్కూళ్ళు ఖాళీ చేయించేవాళ్ళు.

సరే, దొరికాను. నిజం చెప్పేస్తాను. ఆ మలుపులో ఒక దర్జీ ఆవిడ ఉంది. తెల్లారకముందే పని మొదలుపెడుతుంది. ఆవిడ కుట్టుమిషను తొక్కుడుచెక్క ఊరికే పట్టేస్తుంది. నా సంచీలో వాల్వుకి పూసే గ్రీజు ఎలాగూ ఉంటుంది కదా, కాస్త పూసి వెళ్తాను. మంచినీళ్ళిస్తుంది, తాగుతాను. కూర్చోమంటుంది, కూర్చుంటాను. పావుగంట. మనిషికి మనిషి సాయం, ఇంతే. ఇందులో దాచేదేముంది? అయినా మీ మరదలితో అనకు. ఆవిడకి కొంచెం చెబితే మిగతాది తనే కుట్టుకుంటుంది.

దీపాలు త్వరగా పంపు. నిన్న అయిదుకి రెండు నిమిషాలు తక్కువగా చేరాను. సూపర్‌వైజరు గేటు దగ్గర చేతిగడియారం చూసుకుంటూ నిలబడి, నాకు శుభోదయం చెప్పాడు. ఆ మనిషి శుభోదయం చెప్పాడంటే ఎవరి వాల్వో పోతోందని అర్థం.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: ఆవిడ ఎడమచేత్తో కత్తిరిస్తుంది. ఆ కత్తెర చప్పుడే వేరు.

*

తమ్ముడికి,

ఈసారి ఆశీస్సులు లేవు.

ముప్ఫై ఏళ్ళుగా గ్రీజులో బతుకుతున్నదాన్ని నేను. ఒకసారి పూస్తే ఆరునెలలు చూసుకోనక్కర్లేదు. రోజూ గ్రీజు అడిగే మిషను లోకంలో లేదు. రోజూ పూసేవాడు మాత్రం ఉంటాడు, మా ఇంట్లో పుట్టాడు. పైగా ఎడమచెయ్యట, కత్తెర చప్పుడట! పెళ్ళయి ఇన్నేళ్ళయింది, మీ ఆవిడ ఏ చేత్తో కూర తరుగుతుందో చెప్పగలవా?

అనకు అన్నావు కాబట్టి అదేరోజు రాసేశాను. జవాబు వచ్చింది. చదువు: "వదినా, నేనేం ఏడవలేదు. ఏడవాలంటే కూర్చునే తీరిక ఉండాలి. ఒక్కటి కనుక్కో, ఇంట్లో దిండు గలీబులు రెండు చిరిగాయి, ఆవిడ గలీబులు కుడుతుందా?"

అది చదివాక నాకు భయమేసింది. అరిచే మనిషికి సర్దిచెప్పొచ్చు. గలీబులు మడతపెట్టే మనిషికి ఏం చెబుతాం?

గురువారం మొదటి బస్సుకి వస్తున్నాను. షాపుకి తాళం వేసి వస్తున్నాను, మా ఆయన పోయినరోజు తరవాత మళ్ళీ ఇదే. ఆ మలుపు దగ్గరే దిగుతాను. చేతిలో గాలిపంపు ఉంటుంది. గాలి కొట్టడానికి కాదు.

ఇట్లు,
మీ అక్క

తా.క.: నీకోసం తీసిపెట్టిన బ్యాటరీ దీపాలు పోస్టుమానుకి అమ్మేశాను. అతను మలుపుల్లో ఆగడు.

*

అక్కకు నమస్కారాలు.

బస్సెక్కే ముందు ఇది చదువు.

మొన్న బయల్దేరే వేళకి మీ మరదలు ఇంట్లో లేదు. పాలకి వెళ్ళిందనుకున్నాను. మలుపు దాకా తొక్కి దిగాను. దీపం ఆరింది. చీకట్లో కల్వర్టు గోడమీద ఎవరో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో రెండు గలీబులు.

"ఏదండీ, మీ దర్జీ?" అంది.

నాకు మాట రాలేదు. దొరికినందుకు కాదు, ఊపిరి లేదు. ఆగమని ఒక వేలు ఎత్తాను. ఆగింది. ఇంకో వేలు ఎత్తాను. అలా నాలుగు వేళ్ళయ్యాక, "ఇంకా రాలేదు," అన్నాను.

"సరే, వచ్చేదాకా కూర్చుంటాను."

పక్కన కూలబడ్డాను. నా వీపు మీద చెయ్యి వేసి చూసింది. చాలాసేపు తియ్యలేదు.

"రోజూ ఇంతేనా?"

"వానలు పోయినప్పటినుంచి."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే వాల్వు మానమంటావు."

"మానమంటాను."

"అందుకే."

కాసేపటికి, "ఆవిడ ఈపూట రాదేమో," అంది.

"నువ్వున్నావని మొహమాటపడుతోందిలే," అన్నాను.

నవ్వలేదు. గలీబులు సంచీలో పెట్టుకుని లేచింది. సైకిలు నా చేతిలోంచి తీసుకుని కొండమీదికి తనే నడిపించింది. దారిలో ఒక్క మాట అంది: "ఆ బ్యాటరీ వద్దు. డైనమో ఆరితే మీరు కూర్చున్నారని తెలుస్తుంది. వెలిగితే లేచారని తెలుస్తుంది. బ్యాటరీది మీరు పడిపోయినా వెలుగుతూనే ఉంటుంది. నేను డాబా మీద నిలబడి, బాగానే ఉన్నారనుకుంటాను."

 క్యారియరు పట్టుకుని వెనకే నడిచాను.

అయిదుంపావుకి చేరాం. అది మూడోసారి. సూపర్‌వైజరు నోరు తెరిచేలోపే, "కొండ నావల్ల కాదయ్యా," అని నేనే చెప్పేశాను. డాక్టరు దగ్గరికి తోలాడు. డాక్టరు గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. అది ఉంటే మీ దగ్గరికెందుకొస్తాను అన్నాను. పూటకో మాత్ర రాసిచ్చి, ఎత్తు ఎక్కొద్దన్నాడు. రేపటినుంచి నాకు కింది ట్యాంకు. దారంతా చదును. డైనమో లాగినా లాగనీ.

పై వాల్వు ఇవాళ పైపుల ఫిట్టరుకి అప్పగించాను. యాభై రెండు చుట్లు. ముప్ఫయ్యో చుట్టు దగ్గర మొరాయిస్తుంది, తిట్టకు, కాసేపు ఆగితే అదే తిరుగుతుంది అని చెప్పాను. అతను తలూపి చేతిగుడ్డకోసం వెతుక్కున్నాడు. నాది ఇచ్చేశాను. కొండ దిగుతుంటే కింద ఊరంతా కుళాయిలు మోగాయి. ఇన్నేళ్ళూ అవి మోగే వేళకి నేను పైనే ఉన్నాను, ఎప్పుడూ వినలేదు.

దీపాలు వద్దుగానీ, నువ్వు మాత్రం రా. గాలిపంపు షాపులో పెట్టి రా.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: ఆ దర్జీ ఆవిడ నా కల్పన. మిషను, మంచినీళ్ళు, ఎడమచెయ్యి, అన్నీ. ఆ మలుపులో అసలు ఇల్లే లేదు. "అలసిపోయానక్కా" అని ఒక్క ముక్క రాయడం చేతగాక, ఏకంగా ఒక మనిషినే పుట్టించాను.