ముందు వరసలో ఎవరు

శనివారం, కోట ఊరు

నువ్వు పిరికివాడివి. ఇరవై ఏళ్లుగా కరపత్రాల్లో ఎదుటివాళ్లను తిట్టిన తిట్టు ఇప్పుడు నీకే, అంటే నాకే, రాస్తున్నాను.

సాయంత్రం అమ్మాయి తన ఫోనులో పాతకాలపు యుద్ధం ఆట పెట్టి ఇచ్చింది. గళ్లలో మనుషుల్ని జరపాలి. రాజకుమారుడు పడిపోతే ఆట ముగుస్తుంది. మిగతావాళ్లు పోతే పోయినట్టే, తిరిగి రారు. శత్రువులు దగ్గరికి రాగానే బల్లెం పట్టిన రైతు పిల్లను ముందు గడిలోకి తోసి, రాజకుమారుణ్ని వెనక్కి లాగాను. రెండు దెబ్బలకే ఆమె పోయింది.

"ఆ పాపనే ఎందుకు పెట్టినావు నాన్నా?"

"రాజు పోతే అంతా పోతుంది గదా. రూలే అట్లుంది."

"అబ్బో. ఫ్యూడలిజం మీద గంటసేపు మాట్లాడేది నువ్వేనా?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మా తాగునీటి బావుల్ని ఉప్పు చేసిన రొయ్యల చెరువుల గేటు దగ్గర సోమవారం మళ్లీ ధర్నా. ఆడవాళ్లు ముందుంటే పోలీసులు చెయ్యెత్తరని, కూలికి పోయే మరియమ్మను మొదటి వరసలో కూర్చోబెట్టేది నేనే. పోయినసారి ఆమె మణికట్టు విరిగింది. నేను వెనక మైకు దగ్గర ఉన్నాను. ముందుకు వెళ్లి అరెస్టయితే పాత కేసులో నా బెయిలు రద్దవుతుంది. వెళ్లకపోతే... ఇక్కడా రూలే అట్లుందని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను.

నా డిమాండ్లు, నాకే:

మొదటి వరసలో నేను కూర్చోవాలి.

తను ఎక్కడ కూర్చుంటుందో మరియమ్మనే అడగాలి.

నా బెయిలు పోవచ్చని రేపే ఇంట్లో చెప్పాలి.