పసుపెక్కిన తల్లి చేప

మావయ్యకు,

చేపల మీద మాటా మాటా పెరిగి మీరు మీ తమ్ముడింటికి వెళ్ళిపోయాక, తొట్టెను ఎవరికైనా ఇచ్చేస్తానని అత్తయ్య అన్న మాట నిజమే. ఇంకా ఇవ్వలేదు.

మీ పొట్టి సిక్లిడ్ చేపలు కొబ్బరిచిప్ప కింద గుడ్లు పెట్టాయి. తల్లి ఒళ్ళంతా పసుపు రంగుకు తిరిగి, మగచేపను తరిమి తరిమి కొట్టింది.

"మంచి పని చేసింది," అంది అత్తయ్య. "పిల్లల దగ్గర మొగుడెందుకు, అడ్డం!"

మగచేపను గాజు జాడీలోకి మార్చాను.

ఇప్పుడు సాయంత్రాలు తొట్టె వెలుగులోనే కూర్చుంటున్నాం. ఈ చేపలకు పడే టీ రంగు నీళ్ళలో తల్లి వెనుక పిల్లలు పొగమంచులా కదులుతుంటే, కాన్వెంటులో ప్రార్థన వేళలా ఇద్దరం మాట్లాడుకోం. ఆ నీళ్ళను మురుగని మిమ్మల్ని తిట్టిన మనిషి, నిన్న మొరావా నది ఒడ్డున ఆల్డర్ చెట్ల కాయలు తానే ఏరుకొచ్చి మరిగించింది, రంగు తగ్గకూడదని.

ఇవాళ జాడీ వైపు చూస్తూ, "వీణ్ణి మళ్ళీ ఎప్పుడు లోపలికి వదలాలి?" అని అడిగింది. నా పుస్తకాల్లో ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంది. మీకు రాసి కనుక్కుంటానన్నాను.

"రాతలో నాకేం అర్థమవుతుంది? వచ్చి చూసి చెప్పమను."

మళ్ళీ తనే అంది: "ఆదివారం బాతు కాలుస్తున్నాను. మనిద్దరికి అది ఎక్కువైపోతుందని కూడా రాయి."

మీ మేనకోడలు